సున్నం గీతల ఇల్లు

కదలొద్దు సార్ కదలొద్దు అని మట్టి తవ్వే మిషన్ డ్రైవరు పైనుంచి అంటూనే ఉన్నాడు, కదలడానికి నా దగ్గర ఏం మిగిలింది కనక, తొడల నుంచి కిందకి నాది అనుకున్నదంతా ఇప్పుడు మట్టిది, పైన మిగిలినవి రెండు చేతులు, ఒక తల, ఆ తల నిండా ఈ క్షణానికి పనికిరాని జ్ఞానం. ఘనమీటరు మట్టి చిన్న కారంత బరువుంటుంది. తొడల దాకా కూరుకున్న మనిషిని చంకల్లో చేతులు వేసి లాగితే మనిషి రాడు, కీళ్ళు ఊడతాయి. పాదాల దాకా చేత్తో తవ్వి తీయాలి, తవ్వేముందు గోడలకు చెక్కలు ఆనించి దన్ను పెట్టాలి. ఇదంతా నాకు నోటికి వచ్చు, ఏడాదికి రెండుసార్లు తెర మీద బొమ్మలు వేసి కొత్తగా చేరిన ఇంజనీర్లకు నేనే చెప్తాను, భుజం కంటే లోతైన గోతిలోకి దన్ను లేకుండా దిగేవాడు చదువుకున్నట్టా లేనట్టా అని అడుగుతాను, అక్కడ అందరూ నవ్వుతారు, ఆ నవ్వు కోసం ఒక్క క్షణం ఆగుతాను కూడా. ఈ గొయ్యి నా తల కంటే జానెడు లోతు. పప్పులో కాలేశాడు అంటారు, నేను రెండు కాళ్ళూ వేశాను, అదీ పప్పులో కాదు. ఇంజన్ ఆపెయ్, మిషన్‌ని మాత్రం అక్కణ్ణుంచి కదిలించకు, నేల అదురుతుంది అని డ్రైవరుకి చెప్పాను, గొంతు మామూలుగానే వచ్చింది, దానికి కొంచెం గర్వపడ్డాను కూడా. అతను ఫైర్ వాళ్ళకి ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు పడుతుందన్నారట.

పైన ఆకాశం తలుపంత ముక్క కనిపిస్తోంది, మబ్బు లేదు. పొద్దున్న పదిన్నర ఎండ గోతి అంచు మీదే ఆగిపోయింది, లోపలికి రాదు. మట్టి వాసన అంటే అందరికీ ఇష్టం, నాలుగు చినుకులు పడగానే ముక్కు ఎగబీలుస్తారు, కానీ రెండు మీటర్ల కింది మట్టికి ఆ వాసన ఉండదు, ఏళ్ళ తరబడి తెరవని బీరువా వాసన ఉంటుంది. ఎడమ కాలు తిన్నగానే ఉంది, కుడి మోకాలు కాస్త వంగి ఇరుక్కుంది, దాన్ని సర్దుకుందామని చూసిన ప్రతిసారీ ఆ కాస్త చోటులోకి మట్టే సర్దుకుంటోంది, అందుకని మానేశాను. జారింది రోడ్డు వైపు గోడ. చప్పుడు కూడా రాలేదు. వంగి అడుగున గోడని వేలితో తడుముతున్నాను, ఎవరో మెత్తగా మోకాళ్ళని తోసినట్టయింది, లేచి నిలబడేసరికి గోడ సగం నా కాళ్ళ చుట్టూ ఉంది, పైన ఉన్న కుప్ప కూడా దాని వెంట కొంత వచ్చింది, నిచ్చెన ఎక్కడో దాని కింద ఉంది. మిగిలిన కుప్ప ఇంకా పైనే ఉంది. తల పైకెత్తితే దాని అంచు కనిపిస్తోంది, అప్పుడప్పుడు అందులోంచి ఒక చిన్న బెడ్డ దొర్లి వచ్చి నా చొక్కా జేబు మీద తగులుతోంది.

అసలు ఆ కుప్ప అక్కడ ఉండకూడదు. తవ్విన మట్టిని గోతి అంచుకి కనీసం మనిషి పొడవు దూరంలో పోయాలి, లేకపోతే ఆ బరువే గోడని లోపలికి తోస్తుంది. ఈ డ్రైవరు నాతో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాడు, ఈ మాట విని విని అతని చెవులు తూట్లు పడ్డాయి, అందుకే పొద్దున్న బకెట్టు గాల్లో ఆపి తల బయటికి పెట్టి, ఎక్కడ పొయ్యమంటారు సార్ అని అడిగాడు. అడగడానికి కారణం ఉంది. గొయ్యి తవ్వుతున్నది హాల్లో. హాలంటే హాలు లేదు, ఇల్లే లేదు, నిన్న సాయంత్రం మా అక్క సున్నం పొడి డబ్బా పట్టుకుని నేల మీద గీసిన గీతలున్నాయి. రోడ్డు వైపు వంటిల్లు, మధ్యలో హాలు, మిట్ట అంచు వైపు కిటికీ గది. ఇంటికి కిటికీ కాదు, కిటికీకి ఇల్లు కడుతోంది మీ అక్క అని బావ ఫోన్లో నవ్వాడు, తనని టేపు చివర పట్టుకుని గంటన్నర నిలబెట్టిందట, మోకాళ్ళు పట్టేసి ఇవాళ ఇంట్లోనే ఉండిపోయాడు. వంటింట్లో గట్టు ఎక్కడిదాకా వస్తుందో కూడా గీసింది, గట్టు మీద సింకు ఉండాల్సిన చోట చిన్న గుండ్రం చుట్టింది. డ్రైవరు మట్టిని పోయాల్సిన దూరంలో పోస్తే అది సరిగ్గా ఆ గుండ్రం మీద పడుతుంది. నేను గుండ్రం వైపు చూశాను. ఇక్కడే పోసెయ్, పర్లేదు, చిన్న గొయ్యేగా అన్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఒక సున్నం గుండ్రానికి దారిచ్చి పక్కకి తప్పుకుంది. డ్రైవరు నా వైపు ఒకసారి చూశాడు, గోతి పక్కనే పోశాడు.

అక్కకి చెప్పకు అని అతనికి చెప్పాను. చెప్పేశాడు. అక్క రోడ్డు మీద కారులో కూర్చుని టైల్స్ అతనితో ఫోన్లో మాట్లాడుతోంది, పొద్దుట్నుంచీ లేత రంగా ముదురు రంగా అన్న మీమాంస తెగలేదు, ఆ ఫోను మధ్యలోనే వచ్చినట్టుంది, అడుగుల చప్పుడు ఇటే వస్తోంది.

"ఒరేయ్."

"దగ్గరికి రాకు. అక్కడే ఆగు."

"కాళ్ళు విరిగాయా?"

"ఏం కాలేదు, ఇరుక్కున్నాయంతే. ఫైర్ వాళ్ళు వస్తున్నారు. నువ్వెళ్ళి కుర్చీలో కూర్చో."

"నువ్వు గోతిలో ఉంటే నేను కుర్చీలో కూర్చోవాలా?"

"కూర్చో అక్కా. నువ్వు అటూ ఇటూ తిరిగితే మట్టి రాలుతుంది."

కూర్చుంది. ఆమె మడత కుర్చీ ఎప్పుడూ కిటికీ గదిలోనే ఉంటుంది, స్థలం కొన్న దగ్గర్నుంచీ అక్కడే పెట్టింది, వచ్చినప్పుడల్లా ఆ కుర్చీలో కూర్చుని కిందికి, ఏరు మలుపు తిరిగే చోటు దాకా చూస్తుంది, మాట్లాడదు. కుర్చీ కిర్రుమంది. ఇప్పుడు ఆమె అటు చూడటం లేదని నాకు తెలుసు, గోతి వైపు తిరిగి కూర్చుని ఉంటుంది. కాసేపాగి, ఫ్లాస్కు తాడు కట్టి దింపనా, టీ తాగుతావా అంది. నవ్వొచ్చింది. వద్దన్నాను. నవ్వు తొడల దగ్గరిదాకా వెళ్ళి ఆగిపోయింది.

కదలకు. ఈ మాట నాతో మొదట అన్నది ఆమే. నాకు ఎనిమిదేళ్ళు, ఆమెకు పంతొమ్మిది, అమ్మ పోయి రెండేళ్ళు, మేమిద్దరం ఒక మేడ వెనక భాగంలో ఒంటి గదిలో ఉండేవాళ్ళం. గదికి ఒకటే కిటికీ, దాని ఎదురుగా చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్కింటి గోడ, సిమెంటు కూడా పూయని గోడ. అక్క అప్పటికే ఆసుపత్రి నేలమాళిగలో రికార్డు గదిలో పనికి చేరింది, రోగుల పాత కాగితాలు నంబరు ప్రకారం అరల్లో సర్దే పని, పొద్దున్న ట్యూబులైటు కిందకి దిగితే సాయంత్రం పైకి రావడం. ఒకరోజు ఆసుపత్రి గోడలకి వెయ్యగా మిగిలిన నీలం రంగు అడుగు బొడుగు ఒక డబ్బాలో తెచ్చింది. పక్కింటాయన్ని అడిగితే, మీకు కనిపించేంత మేర వేసుకోండమ్మా అన్నాడట. ఊచల మధ్య నుంచి ఆమె చెయ్యి పట్టదు, నాది పడుతుంది. కర్రకి కుంచె కట్టి ఇచ్చింది, నేను భుజం దాకా చెయ్యి బయటికి పెట్టి, అందినంత దూరం కుంచె తిప్పి, ఎదుటి గోడ మీద సగం చక్రంలా నీలం పూశాను. పూసిన తర్వాత చెయ్యి రాలేదు. ఊచల మధ్య మోచెయ్యి ఇరుక్కుంది. ఏడుపు లంకించుకున్నాను. కదలకురా, గింజుకుంటే ఇంకా పడుతుంది, కదలకు అని ఆమె సబ్బు తెచ్చి, నురగ చేసి, మోచేతికి రాసి, వేళ్ళతో నెమ్మదిగా తిప్పి తిప్పి బయటికి తీసింది. ఆ సగం చక్రం నీలాన్ని పన్నెండేళ్ళు చూశాం. నేను లెక్కలు చేసుకుంటూ తల ఎత్తితే అదే, ఆమె పనికి వెళ్తూ జడ వేసుకుంటూ చూసేదీ అదే.

నలభై మూడేళ్ళు ఆ నేలమాళిగలో చేసింది. బయట వాన పడుతోందని ఆమెకి తెలిసేది పైనుంచి వచ్చేవాళ్ళ గొడుగులు కారుతుంటేనే. పెళ్ళయ్యాక వెళ్ళిన ఫ్లాటు కూడా కింది అంతస్తే, కిటికీ తీస్తే కార్లు పెట్టుకునే చోటు, వెనక్కి వచ్చే ప్రతి కారూ వాళ్ళ వంటింట్లోకి పొగ వదిలేది. రిటైరైన రోజు ఆమెకి ఇచ్చిన శాలువాని మడిచి బీరువాలో పెట్టి, ఇంక నాకు ఎదురుగా గోడ వద్దు అంది. గట్టిగా అనలేదు. బియ్యం అయిపోయాయి అన్నట్టు అంది. బావకీ నాకూ అర్థమైంది. ఆరు నెలలు వెతికారు. ఈ మిట్ట మీద స్థలం దొరికింది, కొనే ముందు మట్టి డాక్టరు చూసి సరేననాలి అని బావ పట్టుబట్టాడు, మట్టి డాక్టరంటే నేను, ఆ పేరు బావ పెట్టిందే, ఇంటికి ఎవరొచ్చినా మా బామ్మర్ది మట్టికి నాడి చూస్తాడండీ అని పరిచయం చేస్తాడు.

వచ్చాను. చూశాను. ఇక్కడికి వచ్చేసరికి నా తల పక్కకి తిప్పుకోవాలని చూస్తుంది, ఎప్పుడూ అంతే, ఆ సాయంత్రం గుర్తొచ్చినప్పుడల్లా ఫోనో చెప్పులో వెతుక్కుంటాను, ఈ గోతిలో వెతుక్కోవడానికి ఏమీ లేదు. అంచున ఉన్న చెట్లు మొదట్లో కిందికి ఒంగి, ఆపైన మళ్ళీ తిన్నగా పెరిగాయి. నేల ఏళ్ళ తరబడి మెల్లగా కిందికి జరుగుతుంటే చెట్టు అలాగే పెరుగుతుంది, ఒంగినప్పుడల్లా నిటారుగా లేవాలని చూస్తుంది. పాత కంచె రాళ్ళు అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. వేసవి నడుమ, ఎక్కడా పచ్చగడ్డి లేనప్పుడు, వాలు సగంలో జమ్ము పచ్చగా ఉంది, అంటే లోపల్నుంచి అక్కడ నీళ్ళు ఊరుతున్నాయి. ఈ మూడూ కనిపించడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. కొత్తవాళ్ళకి మొదటి వారంలో నేర్పించే మూడు గుర్తులు అవే. వెనక్కి తిరిగాను చెబుదామని. అక్క నిలబడి ఉంది. కొంగు గాలికి ఎగురుతుంటే పట్టుకోవాలన్న ధ్యాస కూడా లేదు. ఏదీ అడ్డం లేదురా అంది. అరవై మూడేళ్ళ మనిషి మొహం అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఏమంటావు, కొనొచ్చా అని అడిగింది. నేను నీళ్ళు నమల్లేదు, తడుముకోలేదు, అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు, ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది. కొనేయ్ అక్కా, నేనున్నాగా అన్నాను. వాళ్ళు ఫ్లాటు అమ్మేసి అద్దె ఇంటికి మారారు.

నేనున్నాను. ఉన్నాను, ఇదిగో, తొడల దాకా ఉన్నాను. బోరు వేయించి మట్టి నమూనాలు తీయించాను, రెండో మీటరు చివర్లో చిటికెన వేలంత మందాన మెత్తటి బంకమట్టి పొర వచ్చింది, తడిగా, నున్నగా, అద్దంలా మెరుస్తూ, అంచు వైపుకి వాలుగా. దాని మీద పైనున్న మట్టంతా కూర్చుని ఉంది. జారాలని చూసే బలం ఒక పక్క, పట్టి ఉంచే బలం ఒక పక్క, రెండూ సమానమైతే లెక్క ఒకటి వస్తుంది, ఇల్లు కట్టాలంటే ఒకటిన్నర ఉండాలి, నాకు ఒకటీ పాయింటు ఒకటి వచ్చింది. అది వానలు లేనప్పుడు. మట్టి పట్టుని కోణంగా లెక్కేస్తారు, ఆ అంకె ఉన్న చోట రెండు డిగ్రీలు పెంచి చూశాను, ఊరికే చూద్దామని. ఇంకో డిగ్రీ. నీటి మట్టం కాస్త దించాను. ఒకటిన్నర వచ్చింది. ఆ కాగితం అచ్చు తీసి బ్యాగులో పెట్టుకుని నాలుగు రోజులుగా తిరుగుతున్నాను, సంతకం చెయ్యలేదు, చింపనూ లేదు, రేపు ఇంటికి అనుమతిచ్చే ఆఫీసులో ఇవ్వాలి. ఈ గొయ్యి అందుకే. బోరులో దొరికింది ఏదో చిన్న ముక్కే కావచ్చు, హాలు కింద ఆ పొర లేకపోవచ్చు, లేకపోతే నా అంకెలు అబద్ధం కావు, పెంచిన మూడు డిగ్రీలు నిజంగా ఉన్నట్టే. కత్తి పట్టుకుని దిగాను. అది అక్క పాత కూరగాయల కత్తి, ఉద్యోగంలో చేరిన మొదటి వారం వంటింట్లోంచి ఎత్తుకొచ్చాను, మట్టి గోడ శుభ్రంగా చెక్కడానికి అంత బాగా మరేదీ పనికిరాదు, నా కత్తి ఎప్పుడిస్తావురా అని ఇప్పటికీ అడుగుతుంది. ఎదుటి గోడ అడుగున చెక్కితే కనిపించింది. సన్నటి గీత, తడి గీత. కత్తిని అక్కడే గుచ్చి, ఇటు కూడా ఉందేమో చూద్దామని ఈ గోడకి తిరిగి వంగాను. ఉంది. వేలు పెడితే సబ్బులా జారింది. అయ్యో అనుకునే లోపలే గోడ వచ్చేసింది. ఆ పొర ఉందో లేదో ఇంక కొలవక్కర్లేదు, దాని మీద జారిన మట్టే నా మోకాళ్ళని పట్టుకుని ఉంది. కత్తి ఎదుటి గోడకి గుచ్చుకుని అక్కడే ఉంది, చెయ్యి చాపితే నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోతోంది.

"తప్పు నాదే సార్," అని డ్రైవరు పైన అంటున్నాడు, నాతో కాదు, గాలితో అంటున్నట్టు. "తెలిసి తెలిసీ కుప్ప అక్కడ పోశాను. మీరు చెప్పినా నేను పొయ్యకూడదు."

"నీ తప్పు లేదు."

"కుప్ప బరువుకే కదా సార్ గోడ కూలింది."

"కుప్ప వల్లేనా?" అని అక్క గొంతు. "అంతేనా ఒరేయ్?"

ఇదిగో, అడిగేసింది, తలుపు తెరిచి పట్టుకుని మరీ అడిగింది. అవునక్కా, కుప్ప వల్లే. అందులో అబద్ధం లేదు. ఏ ఇంజనీరుని పిలిచి అడిగినా అంచున కుప్ప పోస్తే గోడ కూలదా అంటాడు, ప్రమాదం రాసుకునే కాగితంలో అదే రాస్తారు, డ్రైవరు తల దించుకుంటాడు, నాలుగు రోజులు నాకు సిగ్గు, ఐదో రోజు బావ జోకు, మట్టి డాక్టరుకి మట్టే మందు వేసిందంటాడు. ఇంటికీ దీనికీ సంబంధం ఉండదు. నా నాలుక అప్పుడే ఆ మాట దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇంతలో రోడ్డు మీద సైరన్ వినిపించింది, అక్క లేచినట్టుంది, కుర్చీ కిర్రుమంది, నేను జవాబు చెప్పలేదు. బతికిపోయాను అనుకున్నాను, అనుకుని, కాళ్ళు మట్టిలో ఉండగా ఆ మాట ఎలా వచ్చిందా అని నామీద నాకే రోత పుట్టింది.

వాళ్ళు నలుగురు. ఆఫీసరు నేల మీద పొడుగాటి చెక్క పరిచి, దాని మీద బోర్లా పడుకుని తల గోతిలోకి వంచాడు, మీసాల్లో మట్టి రేణువులు, నా కంటే చిన్నవాడు. కాళ్ళు తెలుస్తున్నాయా అని అడిగాడు. ఎడమది తెలుస్తోంది, కుడిది తిమ్మిరెక్కింది అన్నాను. ఏం పని చేస్తారు సార్ అని అడిగాడు, మనిషిని మాటల్లో పెట్టడానికి అడుగుతారు, నాకు తెలుసు, అయినా ఆఫీసు పని అన్నాను. ముందు ఆ కుప్ప తియ్యాలి, అది పైన ఉండగా నా మనుషుల్ని దింపను, మిషన్ వద్దు, పారలతోనే అన్నాడు. కరెక్టు. నేనైనా అదే చెప్తాను. పారలు నేలకి తగిలిన చప్పుడు.

"ఎక్కడ పొయ్యాలి సార్?" అన్నాడు ఒకతను.

"దూరంగా. అటు వెయ్యి."

"అటు వంటిల్లు సార్," అన్నాడు డ్రైవరు.

"ఏ వంటిల్లు?"

ఆఫీసరు తల పైకెత్తి వెతుకుతున్నాడేమో, అక్కడ ఎండిన గడ్డీ తెల్ల గీతలూ తప్ప ఏమీ ఉండవు.

"వంటింట్లో పొయ్యండి," అంది అక్క.

మొదటి పార మట్టి పడింది. తర్వాత రెండోది. ఆ తర్వాత తట్ట నేలకి ఈడ్చిన చప్పుడు, తేలికైన అడుగులు, ఆ అడుగులు ఎవరివో నాకు గోడ అవతల నుంచైనా తెలుస్తాయి. అమ్మగారూ మీరెందుకు అని డ్రైవరు అంటున్నాడు. పట్టు, నువ్వు నింపు, నేను పోస్తాను అంటోంది ఆమె. సింకు మీద పడిందమ్మా అన్నాడు అతను, చాలా బాధగా అన్నాడు, నిజంగా సింకు పగిలినట్టు. పడనీవయ్యా, గీతే కదా, మళ్ళీ గీసుకుందాం అంది. మళ్ళీ తట్ట. మళ్ళీ అడుగులు. ఆయాసపడుతోంది. ఒరేయ్, అయిపోవచ్చింది, భయపడకు నాన్నా అని మధ్యమధ్యలో గోతిలోకి ఒక మాట విసురుతోంది, అప్పుడు సబ్బు రాసినట్టే.

మళ్ళీ గీసుకుంటుంది. ఈసారి సింకు ఇంకొంచెం ఎడమకి జరుపుతుంది. నేను బయటికి వస్తాను, నన్ను కుర్చీలో కూర్చోబెడతారు, ఆమె నా మొహం కొంగుతో తుడుస్తుంది, టీ పోస్తుంది, అప్పుడు చెప్పగలనా. ఇవాళ వద్దు, పాపం అనుకుంటాను. రేపు సంతకం. ఇల్లు లేస్తుంది, బాగుంటుంది, మొదటి ఏడాది ఏమీ కాదు, రెండో ఏడాదీ కాదు. ఆ తర్వాత వానలు ఎక్కువ పడ్డ ఏడాది కిటికీ గది టైల్స్ మధ్య వెంట్రుకంత సందు వస్తుంది. తలుపు పట్టేస్తుంది. ఆమె వడ్రంగిని పిలిచి తలుపు చెక్కించుకుంటుంది, నాకు చెప్పదు, చెబితే వాడు బాధపడతాడు అనుకుంటుంది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ చెక్కిస్తుంది. కుర్చీలో కూర్చుని ఏరు వైపు చూస్తూ ఉంటుంది. నాకు అంతా కనిపిస్తోంది, తలుపు కింద రాలిన చెక్క పొట్టు కూడా కనిపిస్తోంది. యాభై రెండేళ్ళు వచ్చాయి, ఆమెకి ఒక్కసారి వద్దు అని చెప్పినవాణ్ణి కాదు, వద్దు అనాల్సి వచ్చినప్పుడల్లా గది దాటి వెళ్ళిపోయాను, ఫోనొచ్చిందన్నాను, పనుందన్నాను. ఇక్కణ్ణుంచి వెళ్ళలేను. ఈ మట్టి పట్టుకుని ఉన్నంతసేపే నేను ఆమె ముందు నిలబడి ఉంటాను. కుప్ప తగ్గిపోతోంది, పైన అంచు పలచబడింది, ఒకతను అప్పుడే గోతిలోకి చెక్కలు దింపి నా వీపు వెనక ఆనించి, ఆ తర్వాత దిగి, నా కుడి తొడ పక్కన చిన్న పారతో తవ్వడం మొదలుపెట్టాడు. ఇంక ఎంతోసేపు లేదు.

"అక్కా."

"వస్తున్నావురా, వచ్చేస్తున్నావు."

"గోడ కూలింది కుప్ప వల్ల కాదు. కుప్ప తొందరపెట్టిందంతే."

"సరే, ఇప్పుడవన్నీ ఎందుకు."

"కింద జారే పొర ఉంది. అంచు దాకా ఉంది. ఇక్కడ ఇల్లు కడితే ఇల్లు కూడా ఇలాగే వెళ్తుంది. ఎక్కడ గీసినా అంతే."

తట్ట ఆగింది. నా పక్కన తవ్వుతున్నతను కూడా ఆగి, నా మొహంలోకి చూసి, మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. ఇక్కడితో ఆపెయ్యొచ్చు. ఇప్పుడే బయటపడింది అని ఆమె అనుకుంటుంది, గోతిలో దిగి ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ కనిపెట్టాడు మా తమ్ముడు అనుకుంటుంది, అలా అనుకోవడమే నాకు హాయి.

"నాకు ముందే అనుమానం," అన్నాను. కాదు. "అనుమానం కాదు. తెలుసు. కొనక ముందే చూశాను. చెట్లు చూశాను, కంచె చూశాను. చెప్పలేదు."

ఒక బెడ్డ దొర్లి వచ్చి నా భుజం మీద పడింది. డ్రైవరు దగ్గాడు.

"నేను కొనొచ్చా అని అడిగాను," అంది అక్క. "అప్పటికే చూశావా?"

"చూశాను."

ఇంకేమైనా అంటుందని చూశాను. తిడుతుందని చూశాను. పక్కనున్నతను నా మోకాలి పైనున్న గడ్డని వేళ్ళతో తవ్వి తీశాడు, కాల్లోకి నెత్తురు దిగుతుంటే నొప్పి మొదలైంది, అరవకుండా పళ్ళు బిగించాను. అతను బకెట్టు నింపి పైకి అందించాడు.

"ఇటు నిండిపోయింది," అని పైనున్నతను అన్నాడు. "ఇది ఎక్కడ పొయ్యను?"

"అటు ఉంది కానీ," అన్నాడు డ్రైవరు, గొంతు బాగా తగ్గించి, "అటు అమ్మగారి కిటికీ గది."

అడుగులు అటు వెళ్ళాయి. మడత కుర్చీ మూసిన చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు పొయ్యండి," అంది. ఆ తర్వాత గోతి దగ్గరికి, ఆఫీసరు వద్దంటున్నా వినకుండా, ఆకాశం ముక్కలో తల కనిపించేంత దగ్గరికి వచ్చి నన్ను చూసింది. చేతులకి మోచేతుల దాకా మట్టి, సున్నం.

"కదలకు," అంది. ముందు ఒరేయ్ లేదు, వెనక నాన్నా లేదు.